పంతొమ్మిది దగ్గర లేచిన వంతెన

వంతెన ఆఫీసు, పై గది
ఫిబ్రవరి 3

మామయ్యకి,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం విననట్టు నటిస్తావు. అందుకని కాగితం పట్టుకున్నాను.

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెబితే ఉలిక్కిపడతావు. నువ్వు ఉద్యోగం చేసిన గదిలోనే, అదే కిటికీ పక్కన. కింద కాలవ, కాలవ మీద ఎత్తుడు వంతెన. పెద్ద పడవ వచ్చినప్పుడల్లా సైరన్ మోగించి, రోడ్డుకి రెండు వైపులా గేట్లు వేసి, వంతెనని పైకి లేపే ఆ పాత కంప్యూటర్ డిసెంబరులో చేతులెత్తేసింది. దానికి విడిభాగాలు ఎక్కడా దొరకడం లేదు. కొత్త యంత్రాలు రావడానికి ఏడాది పడుతుందట. అందాకా నలుగురు మనుషులు చేతిచక్రం తిప్పి వంతెన లేపుతున్నారు. వాళ్ళ నడుములు పడిపోతున్నాయి. పాత కంప్యూటర్లకి వైద్యం చేసే మనిషి ఉందని ఎవరో చెబితే నన్ను పిలిపించారు.

నిజానికి ఇది వైద్యం కాదు, వేషం కట్టించడం. ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌ని కొత్త కంప్యూటర్‌లో నడిపిస్తే అది అచ్చం పాత కంప్యూటర్‌లాగే ప్రవర్తిస్తుంది. నువ్వు ముప్పై ఏళ్ళ కిందట రాసిన ప్రోగ్రాముకి తను ఇంకా ఆ ఇనపపెట్టెలోనే ఉన్నానన్న భ్రమ. నిన్న మొదటిసారి నడిపించాను. మోటార్ల బదులు మూడు బల్బుల పెట్టె తగిలించుకున్నాను. ఎరుపు వెలిగితే సైరన్, పసుపు వెలిగితే గేట్లు, పచ్చది వెలిగితే వంతెన లేస్తున్నట్టు. బటన్ నొక్కాను. మూడూ ఒక్కసారే వెలిగాయి. గేట్లు పడ్డాక నలభై సెకన్లు ఆగాలి కదా, ఆ నలభై సెకన్లూ రెప్పపాటులో అయిపోయాయి. సూపర్‌వైజరు గారు చూసి, ఇలాగైతే వంతెన మీద వాళ్ళంతా ఆకాశంలోకి ఎగిరిపోతారని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. నాన్న ఈ గదిలో పదకొండేళ్ళు ఆపరేటర్‌గా చేశాడనీ, ఒక మనిషి కాలు పోవడానికి కారకుడివి నువ్వేనని ఆయన్ని ఇక్కడినుంచే పంపేశారనీ ఈయనకి తెలీదు. ఇంటిపేరు వేరు కదా, నేను చెప్పలేదు.

కంప్యూటర్ బీరువాకి తాళం లేదు, గొళ్ళెం ఎప్పుడో విరగ్గొట్టారు. లోపల నీ అక్షరాలతో రెండు ఫ్లాపీలు ఉన్నాయి. ఒకదాని మీద 1, ఇంకోదాని మీద 2. రెండూ బతికే ఉన్నాయి. ఏది వాడాలి? రెండింటికీ తేడా ఏమిటి? ఏప్రిల్ పదిహేనున నేను సంతకం పెడితే అసలు వంతెనకి తగిలిస్తారు. ఆ లోపల జవాబు రాయి.

నాన్నకి చెప్పాను. "అలాగా" అని పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

నీ మేనకోడలు


కుట్టుమిషన్ల కొట్టు
ఫిబ్రవరి 14

పిడుగూ,

నీ ఉత్తరం చూసి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. ఆ ప్రోగ్రాం ఇంకా బతికుందా? దాన్ని రాసినవాడే రెండు పళ్ళూ ఒక చెవీ పోగొట్టుకుని, కుట్టుమిషన్లకి నూనె పోసుకుంటూ ఏదో కాలక్షేపం చేస్తున్నాడు.

నీ బల్బులు ఒక్కసారే ఎందుకు వెలిగాయో చెబుతాను. అప్పట్లో ఆ యంత్రంలో నమ్మదగిన గడియారం ఉండేది కాదు. ప్రతి పొద్దునా తేదీ కూడా మనమే కొట్టాలి. అందుకని నలభై సెకన్లు ఆగమని చెప్పడానికి, ఇన్ని లక్షల దాకా అంకెలు లెక్కపెట్టు అని రాశాను. ఆ యంత్రం వేగానికి ఆ లెక్క పూర్తయ్యేసరికి సరిగ్గా నలభై సెకన్లు పట్టేది. నీ కొత్త కంప్యూటర్ ఆ అంకెలన్నీ గుక్క తిప్పుకోకుండా చదివి పారేసింది. అంతే. దాని వేగం తగ్గించి బిగించెయ్యి. బిగించాక ఇంక ముట్టుకోకు.

రెండో ఫ్లాపీ వాడు. మొదటిది తప్పుల తడక, అప్పుడే పారెయ్యాల్సింది. నువ్వైనా పారెయ్.

బావ దగ్గర ఈ ఫ్లాపీల ప్రస్తావన తేకు. పాత పుండు. ఆయన ఆరోగ్యం ఎలా ఉంది? నువ్వు వేళకి తింటున్నావా? మీ అమ్మ ఉంటే నీకు ఇలాంటి పని ఒప్పుకోనిచ్చేది కాదు.

మామయ్య


వంతెన ఆఫీసు, పై గది
ఫిబ్రవరి 25

మామయ్యకి,

నువ్వు చెప్పినట్టే వేగం తగ్గించాను. పని చేస్తోంది. నీ బుర్రకి దణ్ణం.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. బీరువాలో ఉన్న యంత్రం ఏ రకమో పాత కొనుగోలు కాగితాల్లో చూసి, ఎమ్యులేటర్‌ని ఆ వేగానికి పెట్టాను. మొదటి ఫ్లాపీ వేస్తే సరిగ్గా నలభై సెకన్లు వచ్చింది. రెండోది వేస్తే ఎనభై నాలుగు. నువ్వు తప్పుల తడక అన్నదే ఒప్పుగా ఉంది, వాడమన్నదేమో రెండింతలు ఆలస్యం చేస్తోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మొత్తం ప్రోగ్రాంలో ఒక్క అంకె తప్ప తేడా లేదు. ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే అంకె. రెండో దాంట్లో దాన్ని పెంచావు. ఎందుకు పెంచావు?

ఆ ప్రమాదం రోజు సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. అప్పటికి నాకు ఏడేళ్ళు. నాన్న బటన్ నొక్కి, "ఒకటి, రెండు, మూడు" అని పైకే లెక్కపెడుతూ గదిలో నడిచేవాడు. సెలవు రోజుల్లో నన్ను తెచ్చి ఈ బల్ల మీద కూర్చోబెడితే నేనూ ఆయనతో గొంతు కలిపేదాన్ని. పది దాకా కాలవ వైపు కిటికీ దగ్గర నిలబడి పడవని చూడటం, ఇరవైకి రోడ్డు వైపు కిటికీకి రావడం, వంతెన మీద ఎవరైనా మిగిలిపోతే ముప్పై లోపల ఎర్ర బటన్ నొక్కి ఆపడం. అంత తీరుబడి ఉండేది. ఆ రోజు పంతొమ్మిది అంటూ ఇటు తిరిగేసరికి వంతెన లేస్తూ ఉంది. రొట్టెలు పంచే సైకిలాయన వంతెన విడిపోయే చీలిక దగ్గర ఇరుక్కున్నాడు.

విచారణలో నాన్న ఇదే చెప్పాడట. నవ్వారట. అందరి ముందూ యంత్రం నడిపించి గడియారం పెట్టి చూశారు, నలభై సెకన్లు వచ్చింది. ఆ తర్వాత నాన్న తన లెక్కని తను నమ్మడం మానేశాడు. నీకు తెలుసో లేదో, ఇప్పటికీ వీధి తలుపు గొళ్ళెం మూడుసార్లు చూసుకుంటాడు. పొద్దున వేసుకోవాల్సిన మాత్రలు నాలుగే, అవి కూడా నన్నే లెక్కపెట్టి చేతిలో పెట్టమంటాడు.

ఆ యంత్రంలో ఎప్పుడైనా ఏదైనా మార్చారా? గుర్తు తెచ్చుకుని రాయి.

నీ మేనకోడలు


కుట్టుమిషన్ల కొట్టు
మార్చి 8

పిడుగూ,

ముప్పై ఏళ్ళ కిందటి అంకెలు ఎవడికి గుర్తుంటాయి? మొన్న ఒకావిడ మిషను బాబిన్ ఎక్కడ పెట్టానో ఇవాళ గుర్తు లేదు. మధ్యలో ఏదో బోర్డు పోతే ఇంకోటి వేశారు. రెండో ఫ్లాపీ దానికోసం. వేగం కాస్త పెంచి రెండో ఫ్లాపీ వాడుకో, సరిపోతుంది. మొదటిది పారెయ్యమన్నాను కదా. అడిగినవన్నీ అయిపోయాయి.

నిన్ను పిలిచింది వంతెన లేపమని. తవ్వకాలు చెయ్యమని కాదు. అసలు ఆ పని వేరేవాళ్ళకి అప్పగించి వచ్చెయ్. మీ నాన్నని బాధపెట్టిన గదిలో నువ్వు కూర్చోవడమే నాకు నచ్చలేదు.

కొట్లో పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు రాయలేను.

మామయ్య


వంతెన ఆఫీసు, పై గది
మార్చి 16

మామయ్య గారికి,

బోర్డు పోయింది, ఇంకోటి వేశారు అన్నారు. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో రాయలేదు. కింద స్టోరు గదిలో ఆ ఏడాది రిజిస్టరు దొరికింది. జూన్ పది, సాయంత్రం: కంప్యూటర్ బోర్డు మార్పు, సర్వీసింగ్. కింద మీ సంతకం. ప్రమాదం జరిగింది జూన్ పదకొండు పొద్దున, ఆ రోజు వచ్చిన మొదటి పడవకి. అంటే కొత్త బోర్డు మీద వంతెన లేవడం అదే మొదటిసారి.

కొత్త బోర్డు ఏ రకమో కూడా రిజిస్టరులో రాసి ఉంది. ఎమ్యులేటర్‌లో ఉన్న గొప్ప సుఖం అదే, ఏ యంత్రంలా ఉండమంటే ఆ యంత్రంలా ఉంటుంది. దాన్ని జూన్ పది సాయంత్రం నాటి యంత్రంగా మార్చాను. మీ మొదటి ఫ్లాపీ వేశాను. గడియారం చేత్తో పట్టుకుని బటన్ నొక్కాను.

పంతొమ్మిది సెకన్లకి పచ్చ బల్బు వెలిగింది.

గడియారం బల్ల మీద పెట్టేశాను. ఏడుసార్లు చూశాను. ప్రతిసారీ పంతొమ్మిది. తర్వాత మీ రెండో ఫ్లాపీ వేశాను, నలభై వచ్చింది. ఆ రెండో ఫ్లాపీ మీద ఉన్న తేదీ జూన్ పదమూడు. విచారణ జరిగింది జూన్ ఇరవై ఒకటిన. వాళ్ళు గడియారం పెట్టి చూసింది అప్పటికే సరిచేసిన ప్రోగ్రాంని.

విచారణ రిపోర్టు కూడా చదివాను. ప్రోగ్రాం రాసిన ఉద్యోగి వాంగ్మూలం అని మీ మాట ఉంది: "యంత్రం లెక్క తప్పదు. మనిషే తప్పుతాడు." ఆపరేటర్ బాధ్యత లేని మనిషి అనడానికి ఇంకో రుజువు కూడా రాశారు. కంప్యూటర్ బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉండేదట, ప్రమాదం తర్వాత అడిగితే ఎక్కడో పారేసుకున్నానన్నాడట, గొళ్ళెం విరగ్గొట్టాల్సి వచ్చిందట.

మిమ్మల్ని చదివించింది నాన్న. ఈ ఉద్యోగానికి వెంటపెట్టుకుని తీసుకొచ్చింది నాన్న. అమ్మ అన్నం పెడుతుంటే మా ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నారు. మీ మీద నాకున్న నమ్మకంతో అడుగుతున్నాను, ఇందులో నేను తప్పుగా చూసింది ఏదైనా ఉంటే చెప్పండి. లేదా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏప్రిల్ పది దాకా నాన్నకి చెప్పకుండా ఆగుతాను. ఆ తర్వాత ఆగను.

మీ మేనకోడలు


ఇల్లు
మార్చి 30

మామయ్య గారికి,

మీకు ఉత్తరం అందినట్టు పోస్టాఫీసు నుంచి సంతకంతో చీటీ వచ్చింది. సంతకం మీదే, ఇప్పుడు నాకు బాగా గుర్తే.

నిన్న మాత్రలు ఇస్తుంటే నాన్న నా మొహంలోకి చూసి, "మీ మామయ్య కులాసానా?" అని అడిగాడు. కులాసానే అన్నాను. అబద్ధం చెప్పడం ఎంత తేలికో మొదటిసారి తెలిసింది. ఇంక నాచేత చెప్పించకండి.


కుట్టుమిషన్ల కొట్టు
ఏప్రిల్ 4

తల్లీ,

నువ్వు మీరు అని రాసిన మొదటి ముక్కకే నాకు అంతా తెలిసిపోయింది. మిగతా ఉత్తరం చదవడానికి మూడు రోజులు పట్టింది.

నువ్వు చూసింది నిజమే. బోర్డు మార్చింది నేనే. పాత బోర్డు దొరక్క రెండింతలు వేగమైనది వేశాను. అంకె మార్చాలన్న ఆలోచనే రాలేదు. వేశాక పరీక్ష చేశాను. సైరన్ మోగింది, గేట్లు పడ్డాయి. సరే అనుకుని అక్కడితో ఆపేశాను. ఇంకో నలభై సెకన్లు నిలబడి వంతెన లేచేదాకా చూసి ఉంటే మన బతుకులు ఇలా ఉండేవి కావు. ఆ సాయంత్రం నాకు ఎక్కడికీ తొందర కూడా లేదు. ఊరికే, ఓపిక లేక.

మూడు రోజుల తర్వాత, బోర్డు మారింది కదా, అంకె కూడా మార్చాలి కదా అని తట్టి మార్చాను. మామూలు పనిలాగే మార్చాను. ప్రమాదానికి అదే కారణమని అప్పుడు నాకు తట్టలేదు. నన్ను నమ్ము. ఏడాది తర్వాత ఎప్పుడో ఒక రోజు హఠాత్తుగా వెలిగింది. అప్పటికి విచారణ అయిపోయింది, బావ వేరే పనిలో చేరిపోయారు. చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఉద్యోగం మానేసి ఇటు వచ్చేశాను. మళ్ళీ కంప్యూటర్ ముట్టుకోలేదు.

మీ అమ్మకి తెలియదు. తెలిసుంటే నా చెవి పట్టుకుని ఆఫీసుకి లాక్కెళ్ళేది.

బావకి ఇప్పుడు చెప్పి ఏం బాగుపడుతుంది? ఆయనకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఆ సైకిలాయన కూడా పోయాడు. నీ సంతకం నువ్వు పెట్టు, వంతెన లేస్తుంది. నన్ను ఎంత తిట్టుకున్నా పడతాను. ఈ ఒక్కటి మాత్రం వదిలెయ్యి, నీ కాళ్ళు పట్టుకుంటాను.

మామయ్య


ఇల్లు
ఏప్రిల్ 12

మామయ్య గారికి,

పదో తేదీ నాన్నని ఆఫీసుకి తీసుకెళ్ళాను. రానన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఆ వంతెన ఎక్కలేదు, అవతలికి వెళ్ళాలంటే రైలు కట్ట దాకా చుట్టు తిరిగి వెళతాడు. వంతెన ఎక్కక్కర్లేదు, గది ఇవతలే ఉంది కదా అని ఒప్పించాను. మెట్ల మీద రెండుచోట్ల ఆగాడు, ఆయాసం వల్ల కాదు.

నేనేమీ వివరించలేదు. బల్బుల పెట్టె చూపించి ఏ రంగు దేనికో చెప్పాను. మొదటి ఫ్లాపీ, కొత్త బోర్డు. "బటన్ నువ్వే నొక్కు నాన్నా, నొక్కి లెక్కపెట్టు" అన్నాను. లెక్క నువ్వే పెట్టమన్నాడు. నేను పెట్టనన్నాను. కుర్చీ బటన్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నొక్కాడు.

మొదట పెదాలు మాత్రమే కదిలాయి. ఏడో అంకె దగ్గర గొంతు వచ్చింది. పది అన్నాక, తనకి తెలియకుండానే తల కాలవ వైపు కిటికీకి తిరిగింది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. పచ్చ బల్బు వెలిగింది. ఆయన నోరు ఇరవై అనబోయి ఆగిపోయింది.

"ఇంకోసారి" అన్నాడు. అయిదుసార్లు నొక్కాడు. అయిదుసార్లూ పంతొమ్మిది. సూపర్‌వైజరు గారు తలుపు దగ్గర నిలబడి అంతా చూశారు. ఈయన ఎవరని నన్ను అడిగారు. మా నాన్న అని చెప్పాను, ఏం జరిగిందో కూడా చెప్పాను. ఆయన ఇంక నవ్వలేదు.

మీ ఉత్తరం నాన్న చేతికి ఇచ్చాను. నన్ను క్షమించమని అడగను, మీరు వదిలెయ్యమన్నది నా ఒక్కదాని సొత్తు కాదు. ఇవాళ పొద్దున పెన్ను అడిగాడు. కింద ఉన్నది ఆయన చేతిరాత.

బావమరిదికి,

నీ ఉత్తరం చదివాను. నా లెక్క తప్పలేదని తెలిసింది కాబట్టి, నా జ్ఞాపకం కూడా తప్పలేదనే ధైర్యంతో రాస్తున్నాను.

ప్రమాదం జరిగిన రోజు బీరువా తాళంచెవి నా జేబులోనే ఇంటికి వచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నం నువ్వు వచ్చావు. మీ అక్క అన్నం తినమంటే ఆకలి లేదన్నావు. లోపల ఏవో నీ కాగితాలు ఉండిపోయాయని తాళంచెవి అడిగావు. ఇచ్చాను. ఎవరికీ చెప్పొద్దు బావా అన్నావు. మామూలు పని మీద వెళ్ళేవాడు అలా అనడు. మర్నాడు ఆఫీసు వాళ్ళు వచ్చి అడిగితే నీకు మాట వస్తుందని పారేసుకున్నానని చెప్పాను. అది కూడా నా తప్పుల కింద రాసుకున్నారు.

నీ చేతిలో పొరపాటు జరిగింది. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను అడిగేది దాని గురించి కాదు. నా చేతిలోంచి తాళంచెవి తీసుకునేటప్పుడు నీకు తెలుసా, తెలియదా? ఒక్క మాట రాయి.


కుట్టుమిషన్ల కొట్టు
ఏప్రిల్ 18

బావగారికి,

తెలుసు.

ప్రమాదం సంగతి విన్న గంటకే అనుమానం వచ్చింది. రెండో రోజు కాగితం మీద లెక్క కట్టి చూసుకున్నాను, పంతొమ్మిది వచ్చింది. మీరు పంతొమ్మిది దాకా లెక్కపెట్టానని చెబుతున్నారని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. మూడో రోజు మీ ఇంటికి వచ్చింది నిజం చెబుదామనే. గుమ్మం దాకా ఆ ఉద్దేశంతోనే వచ్చాను. అక్క అన్నం పెడతానంది. నాకు జైలు కళ్ళముందు కనబడింది. నోరు తెరిస్తే తాళంచెవి అన్నమాట వచ్చింది. భోజనాల వేళ అందరూ కిందికి దిగినప్పుడు గదిలోకి వెళ్ళి అంకె మార్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

విచారణలో మీరు నా వైపు చూశారు. నేను సాయం చేస్తానని చూశారు. యంత్రం లెక్క తప్పదన్న ఆ మాట నేను అన్నాక మీరు తల దించుకున్నారు. ఆ తర్వాత నేను మీ మొహం చూడలేదు, అక్క పోయినప్పుడు కూడా వెనకే నిలబడి వచ్చేశాను. ఏడాది తర్వాత తెలిసిందని పిల్లకి రాసింది అబద్ధం. ఆ ఉత్తరం రాసేటప్పుడు కూడా తప్పించుకోవడానికే చూశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను బావా.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకో ప్రతి దీంతో పెట్టాను. వాళ్ళు ఏం చేసినా సరే. వచ్చే నెల మొదటి శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. కాలవ అవతల దిగుతాను. మీరు వద్దంటే అక్కడినుంచే ఆఫీసుకి వెళ్ళి, నోటితో కూడా చెప్పి తిరిగి వెళ్ళిపోతాను.

తాళంచెవి నా దగ్గరే ఉంది. కొట్లో మేకుకి వేలాడదీశాను. పారెయ్యడానికి ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను.

మీ బావమరిది


ఇల్లు
ఏప్రిల్ 23

మామయ్యా,

ఆఫీసుకి నీ కాగితం చేరింది. పాత ఫైలు తెరవడానికి పైవాళ్ళ అనుమతి కావాలట, వాళ్ళు వెంటనే తేల్చేలా లేరు. సూపర్‌వైజరు గారు మాత్రం ఆగలేదు. రిజిస్టరులో ఆ జూన్ పదకొండు పేజీ తీసి, పక్కన ఎర్ర సిరాతో పంతొమ్మిది సెకన్లు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. అలా రాసే అధికారం తనకి లేదని తనే చెప్పారు.

నా సంతకం పదిహేనున కాక ఇరవై ఒకటిన పెట్టాను. రెండో ఫ్లాపీ, కొత్త బోర్డు వేగం. అయినా ఉత్త అంకెల లెక్కని నమ్ముకోలేదు, పక్కన వేరే గడియారం పెట్టాను, రెండూ ఒప్పుకుంటేనే వంతెన లేస్తుంది. మొదటిసారి లేచేటప్పుడు నలభై సెకన్లూ కిటికీ దగ్గర నిలబడి చూశాను. నాన్న పక్కనే ఉన్నాడు. పైకే లెక్కపెట్టాడు.

నీ ఉత్తరం ఆయన ఒక్కసారే చదివాడు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా ఉన్నాడా అంటే ఉన్నాడు. నిన్న కంచం ముందు కూర్చుని, "వాణ్ణి నా చేతులతో పెంచాను" అని, తినకుండా లేచిపోయాడు. నాకు కూడా నీ మీద కోపం తగ్గలేదు. నువ్వు అని రాస్తున్నానని తగ్గిందనుకోకు.

శనివారం రా. బస్సు దిగి అవతలే నిలబడు. వంతెన దాటి తనే వస్తానన్నాడు నాన్న. వచ్చి నిన్ను ఇంటికి తీసుకొస్తాడో, అక్కడినుంచే పంపేస్తాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తాళంచెవి మాత్రం తన చేతికే ఇవ్వాలన్నాడు.

ఈ పొద్దున మాత్రలు తనే లెక్కపెట్టుకుని వేసుకున్నాడు. నేను సరిచూడలేదు.

నీ మేనకోడలు